పేరు మార్చని ప్రతి

బాలశౌరి మాస్టారు నరసరావుపేట స్టేషన్ రోడ్డులో ఉన్న బైండింగ్ షాపులోకి వచ్చి, హుమేరా ముందు బల్ల మీద తన ఫోన్ పెట్టి, "ఇది నీ పనేనా అమ్మా" అని అడిగిన చోట కిందటి వారం కథ నిలిచింది. ఫోన్‌లో ఒక పుస్తకం పేజీ ఉంది. పేజీలో ఒక పేరు చుట్టూ ఎవరో ఎర్రగా సున్నా చుట్టారు. పుస్తకం మాస్టారు రాసిందే, 'నాపరాళ్ల కింద'. దాన్ని స్కాన్ చేసి తన టెలిగ్రామ్ ఛానెల్లో ఊరికే పంచిపెట్టింది హుమేరా. సున్నాలో ఉన్న పేరు కోటమ్మ. ఆ పేరు ఆ పుస్తకంలో ఉండకూడదు.

హుమేరా మొదట భయపడలేదు. పుస్తకాలు రాసినవాళ్లు ఫోన్ చేసి తిట్టడం ఆమెకు కొత్త కాదు. ఇదీ అలాంటిదే అనుకుంది.

మంచిపని చేస్తున్నామన్న నమ్మకం ఒకసారి ఒంటికి పట్టిందంటే వదలదు. దానికన్నా గజ్జి నయం, మందుకైనా లొంగుతుంది. హుమేరాకు ఆ నమ్మకం తండ్రి పోయిన ఏడాది పట్టుకుంది. మక్బూల్ బతికినన్నాళ్లూ ఈ షాపులోనే పుస్తకాలు కుట్టాడు. పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం కలిపి అట్టలు అంటించేవాడు. ఆయన పోయాక, చదువుకునే పిల్లలకు పుస్తకాలు అందిస్తే వాళ్లు చదివినంత కాలం ఆ పుణ్యం అబ్బాకు చేరుతూనే ఉంటుందని, సదఖా జారియా అంటే అదేనని తల్లికి నచ్చజెప్పి స్కానర్ కొంది. ప్రతి పుస్తకానికీ ముందు 'మా నాన్న మక్బూల్ గారి పేర' అని ఒక పేజీ వేసి, దాని కింద షాపు నంబరు వేసేది. రొంపిచెర్ల నుంచి, సత్తెనపల్లి నుంచి, కృష్ణ అవతలి నుంచి కూడా పిల్లలు దండం పెట్టే బొమ్మలు పంపేవాళ్లు. అవి చూసుకుని నిద్రపోయేది.

"నేను ఎవరి దగ్గరా పైసా తీసుకోలా సార్," అంది. ఈ మాట ఆమె నోటి చివర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

"డబ్బుల మాట నేనెత్తానా?"

"మీ పుస్తకం ఎక్కడా దొరకట్లా. లైబ్రరీలో కూడా లేదు. జనం చదవాలనే గదా మీరు రాసింది."

"ఎక్కడిది నీకిది?"

"ఇంట్లోదే. అబ్బా దాచిన కాపీ."

మాస్టారు తల అడ్డంగా ఊపాడు. "మీ నాన్న దాచలా. ఒక్కటి కూడా మిగల్లేదని నాతో చెప్పాడు. ఆయన మాట తప్పే మనిషి కాదు."

హుమేరాకు అప్పుడు గుండె జల్లుమంది. కోపంతో వచ్చినవాడు తండ్రిని తిడితే ఎదురు తిరగొచ్చు. మెచ్చుకుంటే ఏం చేయాలి?

"బెంజిమిన్ సంగతి చదివావు గదా," అన్నాడు మాస్టారు.

చదివింది. స్కాన్ చేసేటప్పుడు పేజీ పేజీ తిప్పుతూ చదివి, షాపులో కూర్చుని ఏడ్చింది కూడా. బెంజిమిన్ మాస్టారి తమ్ముడు. ఈపూరు దగ్గర పల్లెలో వాళ్ల సమాధుల దొడ్డిని ఊరి పెద్దాయన దున్నించి మిరప వేసుకున్నాడని, కొలతలు వేయించమని అర్జీ పెట్టాడు. కొద్దిరోజులకే సాగర్ కాలవ గట్టున శవమై దొరికాడు. చూసినవాళ్లు లేరని కోర్టులో కేసు కొట్టేశారు. చూసిన మనిషి ఒకతె ఉంది. గడ్డి కోసుకోవడానికి వెళ్లిన కూలిమనిషి. ఊరి పెద్దాయన దగ్గరుండి కొట్టించాడని ఆమె ఏళ్లు గడిచాక మాస్టారికి చెప్పింది. పుస్తకంలో ఆమె పేరు నాంచారమ్మ. ఊరి పెద్దాయనకు పేరే లేదు.

ఒక్క పేజీలో మాత్రం నాంచారమ్మకు బదులు ఆమె అసలు పేరు, కోటమ్మ, పడింది. హుమేరా దాన్ని గమనించలేదు. ఆ పల్లెలో వాళ్లకు ఆ ఒక్క పేరు చాలు. ఊరు తమదేనని, ఆ పెద్దాయన శేషగిరిరావేనని, వేలు పెట్టి చూపించినట్టు తెలిసిపోతుంది.

"అంతా మార్చా. ఒక్కచోట మర్చిపోయా," అన్నాడు మాస్టారు. "నేను రాసింది నేనే దిద్దుకున్నా. నా తప్పు నా కళ్లకు కనపళ్ళా. బైండింగ్ అయిపొయ్యాక చూశా. పరిగెత్తుకుంటా ఇక్కడికే వచ్చా. మీ నాన్న ఆ మూల కూర్చుని, అన్ని పుస్తకాల్లోనూ ఆ కాయితం కోసేసి కొత్తది అంటించాడు. కోసినయ్యన్నీ నా ముందే తగలబెట్టాడు."

లోపలి గుమ్మంలో హుమేరా తల్లి అమీనా బీ ఎప్పుడు వచ్చి నిలబడిందో ఇద్దరూ చూడలేదు. "నేనుండా అప్పుడు," అంది ఆమె. "అన్ని కితాబులూ మార్చేశా మాస్టారూ, పైవాడు చూస్తున్నాడు అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలా."

చెప్పలేదు నిజమే. మక్బూల్‌కు ఒక అలవాటు ఉండేది. ఏ పని చేతికి వచ్చినా, కుట్టిన తొలి పుస్తకాన్ని బిస్మిల్లా అని పక్కన పెట్టేవాడు. అది అమ్మకూడదు, ఇవ్వకూడదు, లెక్కలో చేర్చకూడదు. పనిలో బర్కత్, వృద్ధి, ఉండాలంటే అంతే అనేవాడు. అన్నీ మార్చానని ఆయన అన్నప్పుడు ఆ తొలి పుస్తకం ఆయన మనసులో పుస్తకాల లెక్కలోనే లేదు. దేవుడి వాటా కింద రేకుపెట్టెలో పడి ఉంది. తండ్రి చెయ్యి మొదట పడిన పుస్తకాలని, హుమేరా స్కానింగుకు ఏరి ఏరి ఆ పెట్టెలోవే తీసింది. ఆయన కుట్టిన కుట్టు తెంచి, ఒక్కొక్క కాయితం స్కానర్లో పెట్టి, మళ్లీ తనే కుట్టింది. ఆ పని చేసేటప్పుడు దువా కూడా చదువుకునేది.

ఆమె లేచి పెట్టెలోంచి పుస్తకం తెచ్చి ఇచ్చింది. మాస్టారు వెతుక్కోకుండానే ఆ పేజీ తీశాడు. చూసి, బల్ల అంచు పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

"తగలబెట్టమ్మా దీన్ని. ముందు ఆ ఛానెల్లోంచి తీసెయ్," అన్నాడు. "అత్త సొత్తు అల్లుడు దానం చేసినట్టు చేశావే. నేను బతికే ఉన్నా గదా. ఈ ఊళ్లోనే ఉన్నా. నీకు అక్షరాలు చెప్పినోణ్ణి. ఒక్క ఫోన్ చేస్తే ఏం పొయ్యేది?"

హుమేరా దగ్గర సమాధానాలు చాలా ఉన్నాయి. దొరకని పుస్తకం చచ్చిన పుస్తకమని ఒకటి. జ్ఞానానికి తాళం వేయకూడదని ఒకటి. ఆ పూట అవేవీ నోటికి రాలేదు.

"అడిగితే వద్దంటారని," అంది.

అదీ నిజం. దొంగతనం అన్న మాట తన దగ్గరకు రాకుండా ఆమె ఇన్నాళ్లూ చాలా మాటలు అడ్డం పెట్టుకుంది. పెట్టుకున్నవన్నీ ఆ ఒక్క వాక్యంతో పక్కకు తప్పుకున్నాయి. ఆమెకు సిగ్గేసింది.

ఫోన్ తీసి ఛానెల్లో పుస్తకం తొలగించింది. మాస్టారు ఆ పని అయ్యేదాకా ఆమె వేళ్లనే చూశాడు.

"పోయిందా?"

"ఛానెల్లో పోయింది సార్. దించుకున్నోళ్ల ఫోన్లలో ఉంటది."

"ఎంతమంది?"

ఆ లెక్క ఆమెకు తెలియదు. పెదవి దాటితే పృథివి దాటుతుందని పెద్దలు ఉత్త మాట గురించే అన్నారు. ఈ ఫోన్లు వాళ్లు చూడలేదు. ఆ నిమిషంలోనే ఛానెల్లో కింద వరసగా మెసేజీలు పడటం మొదలైంది. 'నాపరాళ్ల కింద ఎందుకు తీశారు అక్కా' అని ఒకరు. 'నా దగ్గర ఉంది, కావాల్సినోళ్లు చెప్పండి, పంపుతా' అని ఇంకొకరు. 'ఇంత మంచి పుస్తకాన్ని ఎవరో తీయించారంటే ఏదో ఉంది, అందరికీ పంపండి ఫ్రెండ్స్' అని మూడో మనిషి. ఒక్కరిలో కూడా చెడ్డ బుద్ధి లేదు. అందరూ ఆమె నేర్పిన మంచే చేస్తున్నారు.

"కోటమ్మగారి ఊరికి గూడా చేరిందా సార్ ఇది?"

"చేర్చింది ఆ పల్లె కుర్రాడే. హైదరాబాదులో చదూకుంటన్నాడు. మా ఊరి కథ అని సంబరపడి ఊరి గ్రూపులో పెట్టాడంట. పొద్దున పాలకేంద్రం కాడ ఎవడో పైకి చదివాడు. పక్కన కోటమ్మే నిలబడుందంట, చెంబు పట్టుకుని. నా ఫోన్ ఎత్తటంలా వాళ్లు. నీ ఫోన్ ఇటియ్యి."

నంబరు ఆయనే నొక్కాడు. స్పీకరు పెట్టమని సైగ చేశాడు. కోటమ్మ కోడలు ఎత్తి, ఆయన గొంతు గుర్తుపట్టి, కిటికీ రెక్క తీసిన చప్పుడయ్యాక ఎవరి చేతికో అందించింది.

"అక్కా, నేను బాలశౌరిని."

అవతల ఊపిరి వినిపించింది. ఆ వెంటే కోటమ్మ గొంతు. "మేస్టారూ, నేను నీకు చెప్పింది నువ్వు సచ్చినోడి అన్నవని. తమ్ముడికేమయిందో తెలవక కుమిలిపోతన్నావని చెప్పా. పుస్తకమేస్తానని నాతో ఎప్పుడన్నా అన్నావా?"

"పేరు మార్చానక్కా. ఒక్కచోట..."

"పేరు మారిస్తే మాట నీదయిద్దా?"

హుమేరా తలెత్తి మాస్టారి వైపు చూసింది. ఆయన ఆమె వైపు చూడలేదు. ఒక్క ఫోన్ చేస్తే ఏం పొయ్యేదని ఇందాక అడిగిన మనిషి ఈయనే. పుస్తకం ముందుమాటలో 'నాతో మనసు విప్పి మాట్లాడిన తల్లులకు' అని రాసుకున్నాడు. ఆ తల్లుల్లో ఈమెను అడగలేదు. ఎందుకు అడగలేదో హుమేరాకు ఎవరూ చెప్పక్కర్లేదు. వద్దంటుందనే.

"ఎవరన్నా ఏమన్నా అన్నారా అక్కా? కొట్టారా?"

"ఎవరూ ఏమనలా. అదే నాకు బయంగా ఉంది," అంది కోటమ్మ. "బోరింగ్ కాడికి పోతే ఆడోళ్లు బిందెలు తీసుకుని పక్కకు జరిగారు. మిరపకోతకు రావద్దని మేస్త్రీ చెప్పించాడు. నా కొడుకు కౌలుకు చేసేది శేషగిరిరావు పొలమే, నీకు తెల్వదా? వాడు నా గుడ్డలు మూటగట్టి అరుగు మీద పెట్టాడు. తలుపేసుకున్నాడు. ఇన్నేళ్లు నోరు మూసుకుని ఎవరి కోసం బతికాననుకున్నావు మేస్టారూ? ఆడి కోసమే."

ఫోన్ పెట్టేసింది. మాస్టారు కళ్లజోడు తీసి పంచె కొసతో తుడిచి, పెట్టుకోవడం మర్చిపోయి చేతిలోనే ఉంచుకున్నాడు.

అమీనా బీ కూతురి పక్కకు వచ్చింది. ఆమె కోపంగా లేదు. కోపంగా ఉంటే హుమేరాకు తేలికగా ఉండేది. "బేటీ, జనం చదివినంత కాలం మీ అబ్బాకు చేరతానే ఉంటదని చెప్పావు గదా. ఇది కూడా చేరతానే ఉంటదా?"

 మొదటి పేజీలో ఆయన పేరు వేసింది హుమేరానే. ఆ పేజీతో సహా అది ఫోన్ నుంచి ఫోనుకు పోతోంది. ఎక్కడికి పోతోందో, ఎప్పుడు ఆగుతుందో తెలియదు, ఆపగలిగినవాడు ఒక్కడూ లేడు. తండ్రి ఖబరులో, మట్టి కింద, పడుకుని ఉన్నాడు, అక్కడిదాకా ఈ పుస్తకం వెళ్లిందా అనే పిచ్చి ఆలోచన వచ్చింది ఆమెకు.

అప్పుడు షాపు ఫోన్ మోగింది. ఆ మొదటి పేజీలో వేసిన నంబరే.

"మక్బూల్ కూతురివేనా అమ్మాయ్?" నెమ్మదైన గొంతు. తొందర లేదు. "నేను శేషగిరిరావుని. మీ నాన్న మంచోడు. మా ఊరి బడి పుస్తకాలన్నీ ఆయన కుట్టినయ్యే."

హుమేరా స్పీకరు నొక్కింది. మాస్టారు స్టూలు మీద నిటారుగా అయ్యాడు.

"ఊళ్లో కాస్త గందరగోళంగా ఉందమ్మా. పుస్తకం అచ్చుది ఒకటి ఎక్కడో దొరికితే తెప్పించా. దాంట్లో నాంచారమ్మ అని ఉంది. నీ దాంట్లోనేమో కోటమ్మ అని ఉంది. కంప్యూటర్లో ఏదైనా చెయ్యొచ్చంట గదా ఇప్పుడు? చేసుంటావు. చిన్నపిల్లవి, తెలిసీ తెలియక."

"నేనేం చెయ్యలేదండీ."

"వినమ్మా. ఆదివారం పెద్దమనుషుల్ని కూర్చోబెడతన్నా. నువ్వొచ్చి, ఆ పేరు నేనే టైపు కొట్టానని ఒక్క మాట చెప్పు. బాలశౌరి మేస్టారు కొట్టమన్నాడని చెప్పు. తమ్ముడు పోయినకాణ్ణించి ఆయనకు మనసు కుదురుగా లేదు, అందరికీ తెలిసిందే. మీ నాన్న కుట్టిన కాపీ, నువ్వు స్కాన్ చేసింది, అది గూడా పట్రా. అంతటితో అయిపోయిద్ది. కోటమ్మ మా పొలంలో చేసీ చేసీ ముసల్దయింది. మా మనిషి. ఆమెను ఆమె ఇంట్లో కూర్చోబెట్టే పూచీ నాది."

"నేను చెప్పకపోతేనండీ?"

"నేనేం చేస్తానమ్మా, పెద్దోణ్ణి. ఊరు చూసుకుంటది." కాస్త ఆగాడు. "మేస్టారు ఆడే ఉన్నాడు గదా. నమస్కారం చెప్పానను."

ఫోన్ పెట్టేశాక ముగ్గురూ వీధివైపు చూశారు. ఎదురుగా టీ కొట్టు, దాని పక్కన ఆటోలు, మామూలుగా వచ్చిపోయే జనం. వాళ్లలో ఎవరు ఆయనకు చెప్పారో ఎట్లా తెలుస్తుంది? అమీనా బీ వెళ్లి షట్టరు సగానికి దించింది.

హుమేరాకు తప్పుకునే దారి ఒక్కటే కనిపించింది. చేసిన తప్పు తనది. దిద్దుకునే అవకాశం వచ్చింది. అబద్ధం అయితే ఏం, ఒక ముసలామె ఇంట్లోకి పోతుంది. పుస్తకం దగ్గరకు లాక్కుని, తండ్రి కోతకత్తి తీసుకుంది. "ఆదివారం దాకా ఎందుకు సార్. ఈ కాయితం ఇప్పుడే కోసేస్తా. మీరన్నట్టే తగలబెడతా. మిగతా పుస్తకం వాళ్లకిచ్చి చెప్పేస్తా."

మాస్టారి చెయ్యి వచ్చి పేజీ మీద పడింది.

"కొయ్యబాక."

"మీరే గదా తగలబెట్టమంది."

"అప్పుడు వాడు అడగలేదు."

కత్తి ఆయన వేళ్లకు బెత్తెడు దూరంలో ఆగింది. ఆయన పుస్తకాన్ని నెమ్మదిగా తన వైపు జరుపుకుని మూశాడు.  "నీ పీడీఎఫ్‌ను దొంగదంటాడు. జనం నమ్ముతారు. అచ్చు పుస్తకాల్లో పేరు నేనే మార్పించానని చెబితే వట్టి మాటంటారు. అచ్చు నుంచి వచ్చింది వచ్చినట్టు మీ నాన్న కుట్టిన ఈ ఒక్కటే సాక్ష్యంగా నిలబడేది. నా తమ్ముణ్ణి చంపారని చెప్పటానికి ఈ భూమ్మీద ఇదొక్కటే ఉందమ్మా. దీన్ని తీసుకెళ్లి వాడి చేతిలో పెడతావా?"

"మరి కోటమ్మగారు?"

ఆయన లేచి పుస్తకాన్ని చంకలోని సంచిలో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. జవాబు వెతుకుతున్నాడనుకుంది హుమేరా. కళ్లజోడు పెట్టుకోవడానికే ఆగాడు. పెట్టుకుని, షట్టరు కింద నుంచి వంగి బయటికి వెళ్లిపోయాడు.

"ఆపు బేటీ ఆయన్ని," అంది అమీనా బీ. హుమేరా వీధిలోకి వచ్చేసరికి స్టేషన్ వైపు పోతున్న జనంలో ఆయన తల కనపడలేదు. టీ కొట్టు ముందు ఇందాకటి ఆటోల్లో ఒకటి కూడా లేదు. ఆమెకు దాని అర్థం తెలియదు. అర్థం ఉందో లేదో కూడా తెలియదు. లోపలికి వచ్చి తల్లి ఫోన్ అందుకుని ఆయన నంబరు కలిపి, తల్లి చేతికే ఇచ్చి వినమంది. తన ఫోన్ అప్పటికే మోగుతోంది.

కోటమ్మ. ఈసారి గొంతు చాలా చిన్నగా ఉంది.

"అమ్మా, ఆ పుస్తకం పిల్లవి నువ్వేనా? పెద్దాయన కబురంపాడు. ఆదివారం నువ్వొచ్చి చెప్తావంట గదా, ఆ పేరు నాది కాదని. చెప్తావా తల్లీ? అరుగు మీదే కూసోనున్నా."

ఏ కోపమూ లేకుండా ఆమె అలా అడగడం హుమేరా తట్టుకోలేకపోయింది. 

"చెప్తాను పెద్దమ్మా."

"నీకు పున్నెముంటది. మీ నాయిన కుట్టిన పుస్తకం గూడా పట్రావాలంట. అది పెద్దాయన చేతిలో పడ్డాక గానీ తలుపు తియ్యనని నా కొడుకు ఒట్టేసుకున్నాడు. తెస్తావుగా?"

బల్లకు అవతల అమీనా బీ చెవి దగ్గర నుంచి ఫోన్ దించి, తల అడ్డంగా ఊపింది. మాస్టారి ఫోన్ స్విచాఫ్ అయి ఉంది.

"తెస్తాను," అంది హుమేరా.